సేవారంగంలో నిలిచి ఉండటానికి కావలసినవి

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ల నుంచి కొందరు పిల్లలు ప్రతి సంవత్సరమూ నాకు ఫోను చేస్తుంటారు. వారిలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సమాజసేవలో పీజీ) చదివినవారు ఉంటారు, ఇంజనీరింగు ముగించి ఆ దారి తమది కాదని తేల్చుకున్నవారు ఉంటారు, తిత్లీ తుపాను నాటి సహాయ శిబిరాలను బడిపిల్లలుగా చూసి అప్పటినుంచీ ఈ పని మీద మనసు పెట్టుకున్నవారూ ఉంటారు. అందరూ అడిగేది ఒకటే. కొండ గ్రామాల్లో సవర, కోదు గిరిజనుల మధ్య స్వచ్ఛంద సంస్థల్లో పనిచేస్తూ జీవితం గడపడం సాధ్యమేనా, లేక రెండు మూడేళ్లు చేసి, ఇంట్లో ఒత్తిడి పెరిగాక బి.ఎడ్. చదివి టీచరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవలసిందేనా? ఫోనులో చెప్పే నాలుగు మాటలు ఈ ప్రశ్నకు చాలవు కనుక, ఈ సరిహద్దు జిల్లాల్లో పనిచేస్తూ నేను నమ్ముతూ వచ్చినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

సాధ్యమే అన్నది నా సమాధానం, కానీ దానికి ఒక షరతు ఉంది. ఈ పనిలో మనిషి ఇవ్వగలిగిన వాటన్నిటిలోకీ విలువైనది ఒకే చోట, ఒకే జనం మధ్య చాలాకాలం ఉండటం. చదువు, ఉత్సాహం, కొత్త ఆలోచనలు అన్నీ దాని తరువాతే వస్తాయి. అందువల్ల అలా ఉండగలగడానికి అవసరమైన ప్రతిదాన్నీ, అంటే సరైన జీతాన్ని, భవిష్య నిధిని, ఆరోగ్యాన్ని, సెలవును, ఇంటివారి అంగీకారాన్ని, జరిగింది జరిగినట్టు రాయగల స్వేచ్ఛను, పనిలో భాగంగానే చూడాలి. సేవ చేసేవాడు ఇవన్నీ అడగకూడదని, అడిగితే అతని సేవలో కల్తీ ఉన్నట్టని మనవాళ్లలో గట్టిగా నాటుకున్న అభిప్రాయం ఒకటి ఉంది. అది మంచి మనుషులను ఈ రంగం నుంచి తరిమివేసింది, ఇంకా తరిమివేస్తూనే ఉంది.

చాలాకాలం ఉండటం ఎందుకు అంత ముఖ్యమో తాగునీటి పని ద్వారా చెబుతాను. గజపతి, రాయగడ జిల్లాల కొండ గ్రామాల్లో ఊట నీటిని వాలు మీదుగా ఊరికి తెచ్చే పథకాలు చాలా ఉన్నాయి. కొండ మీది ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టి కట్టి, అక్కడి నుంచి పైపు వేసి, ఊరికి ఎగువన కట్టిన ట్యాంకులోకి నీటిని దించి, ఇంటింటికీ కుళాయి ఇస్తారు. మోటారు అక్కర్లేదు, కరెంటు బిల్లు ఉండదు, చెడిపోయే భాగాలు తక్కువ. ఇంత చక్కని పద్ధతికి ప్రాణమంతా ఊటలో ఎంత నీరు ఊరుతుందన్న లెక్కలో ఉంటుంది. కొలత తెలిసిన బకెట్టును ఊట కింద పెట్టి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, నిమిషానికి ఎన్ని లీటర్లో లెక్క కడతారు. ఎవరైనా ఒక పూటలో నేర్చుకోగలిగిన పని ఇది, కానీ ఏ నెలలో కొలిచామన్నదాని మీద ఫలితం మారిపోతుంది. వానలు వెనుదిరిగిన ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో ఏ కొండ ఊటను చూసినా ధారగా పారుతూ ఉంటుంది. ఆ ఊటలోనే మే నెలలో బకెట్టు నిండేసరికి కూర్చున్నవాడికి విసుగు పుడుతుంది, కొన్నిచోట్ల అసలు నిండదు.

ఇక ప్రాజెక్టు ఎలా నడుస్తుందో చూడండి. మంజూరు ఉత్తరం ఆర్థిక సంవత్సరం మధ్యలో వస్తుంది, సర్వే వానల చివర జరుగుతుంది, మార్చి ముప్పై ఒకటిలోగా డబ్బు ఖర్చు కావాలి కనుక పైపులు మాఘ, ఫాల్గుణాల్లో పడతాయి, ప్రారంభోత్సవం ఫొటోలలో కుళాయి నిండుగా పారుతుంది. రెండు నెలలు తిరిగేసరికి ఆడవాళ్లు మళ్లీ బిందెలతో గెడ్డకు, అంటే కొండవాగుకు, దిగుతారు. ఏ ఊట ఎండిపోతుందో, ఏది ఎండదో ఆ ఆడవాళ్లకు ముందే తెలుసు. అయినా సర్వేకు వచ్చిన కొత్తవారు అడిగితే అన్నీ బాగానే ఉన్నాయని చెబుతారు. ఎండిపోతుందని చెబితే ఊరికి వచ్చిన పథకం పక్క ఊరికి పోతుందేమోనన్న భయం వారిది, ఆ భయానికి వారి అనుభవంలో తగినంత ఆధారం ఉంది. ఒక సవర ఊరిలో నేను కొన్ని వేసవులు తిరిగిన తరువాత, ఒక పెద్దావిడ తనంతట తానే నన్ను వెంటబెట్టుకొని ఊరికి దిగువగా పనసచెట్ల మధ్య ఉన్న ఒక ఊట దగ్గరికి తీసుకెళ్లింది. అది నడివేసవిలోనూ ఆగదు. అయితే పై వాడ కంటే కిందికి ఉండటంవల్ల నీరు ఆ వాడకు ఎక్కదు. ట్యాంకును దిగువన కట్టి, పై వాడవారు కొంతదూరం నడిచి వచ్చేందుకు ఒప్పుకుంటారా, లేక ఏడాదిలో కొన్ని నెలలే నీరిచ్చే పై ఊటనే అందరికీ పెడదామా అన్న చర్చ ఆ ఊరిలో చాలా రాత్రులు నడిచింది. చివరికి వాళ్లు దిగువ ఊటనే ఎంచుకున్నారు. ఆ ఎంపిక సరైనదేనని నేను అనుకుంటాను. ఏ ప్రాజెక్టు కాగితంలోనూ ఇలాంటి చర్చకు గడువు ఉండదు. ఆ ఊరిలో ఎవరో ఒకరు జీతం తీసుకుంటూ, జ్వరం రాకుండా, ఇంటికి డబ్బు పంపగలుగుతూ, మూడు నాలుగు వేసవులు ఉంటేనే ఆ చర్చకు చోటు దొరుకుతుంది.

మన పర్లాకిమిడిలోనే దీనికి నూరేళ్ల కిందటి ఆదర్శం ఉంది. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారిని తెలుగువారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలచుకుంటారు, ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. సవరల కోసం ఆయన చేసిన పని ఆ కీర్తి వెనుక మరుగున పడిపోయింది. ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు, అక్కడే దాదాపు ముప్పై ఏళ్లు పనిచేశారు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు తయారుచేశారు, బడులు పెట్టించారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టి నడపమని కోరారు. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని ప్రభుత్వం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువును 1938లో అచ్చువేసింది. నేర్చుకోవడం మొదలుపెట్టిన నాటికీ వ్యాకరణం అచ్చయిన నాటికీ మధ్య ఒక మనిషి ఉద్యోగ జీవితమంతా గడిచిపోయింది.

ఈ కథను మన సభల్లో త్యాగకథగా చెబుతారు. నేను దాన్ని వేరుగా చదువుతాను. పంతులు గారికి నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం ఉంది, సెలవులు ఉన్నాయి, ఒకే ఊరిలో స్థిరమైన ఇల్లు ఉంది. ఆ స్థిరత్వం లేకపోతే అంతటి దీర్ఘమైన పని ఆయన చేయగలిగేవారు కాదని, పారితోషికం వద్దనగలిగే స్వేచ్ఛ కూడా ఆయనకు ఉండేది కాదని నా నమ్మకం. ఆయన చెల్లించిన మూల్యం కూడా ఉంది. అడవుల్లో తిరిగినందుకు మలేరియా వచ్చింది, దానికి తిన్న క్వినైను వల్ల చెవుడు వచ్చింది. మనుషుల నోట భాష విని నేర్చుకునే పండితుడికి వినికిడి పోవడం ఎంత నష్టమో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆయన శ్రమను గౌరవించడమంటే ఆ నష్టాన్ని కూడా ఆదర్శంగా నెత్తిన పెట్టుకోవడం అనుకునేవారు ఉన్నారు. ఈ తరం కార్యకర్త దోమతెర కట్టుకొని పడుకోవాలి, జ్వరం వచ్చిన రోజునే రక్తపరీక్ష చేయించుకోవాలి. ఒడిశా ప్రభుత్వం 2017లో దుర్గమ ప్రాంతాల కోసం మొదలుపెట్టిన దమన్ కార్యక్రమం తరువాత మన కొండల్లో మలేరియా బాగా తగ్గింది. తగ్గినంత మాత్రాన పోయిందని కాదు, కొత్తగా చేరే పిల్లలు ఈ మాట గుర్తుంచుకోవాలి.

మహారాష్ట్ర సరిహద్దున, సిరొంచ తెలుగువారి జిల్లా అయిన గడ్చిరోలిలోనూ ఒకే చోట చాలాకాలం ఉండటంవల్ల ఏమి సాధ్యమో కనిపిస్తుంది. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1986లో అక్కడ సెర్చ్ అనే ఆరోగ్య సేవా సంస్థను ప్రారంభించారు. ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి, పుట్టిన బిడ్డను ఇంటివద్దనే చూసుకునే పద్ధతిని రూపొందించి, దానివల్ల నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో నిరూపించారు. ఆ పద్ధతిని కేంద్ర ప్రభుత్వం ఆశా కార్యకర్తల పనిలో చేర్చింది 2011లో. మొదలైన నాటి నుంచి దేశమంతటికీ అందేవరకు పాతికేళ్లు. మన గంజాం జిల్లాలో 1979లో నమోదైన గ్రామ్ వికాస్ సంస్థ కథ కూడా ఇలాంటిదే. 1971 తుపాను సహాయానికి మద్రాసు నుంచి వచ్చిన విద్యార్థుల్లో ఒకరైన జో మడియత్ ఇక్కడే ఉండిపోయి దాన్ని స్థాపించారు. ఊరిలో ప్రతి ఇల్లూ ఒప్పుకొని, తన వంతు డబ్బు మూలనిధిలో వేసిన తరువాతే నీటి పని మొదలుపెట్టాలన్న వారి నియమం ఎంతో పేరు పొందింది. ఒక్క ఇల్లు ఒప్పుకోకపోయినా ఆగాలంటే, ఆగే ఓపిక సంస్థకు ఉండాలి, ఆ ఇంటి గుమ్మం మళ్లీ మళ్లీ ఎక్కే కార్యకర్తకు అంతవరకు జీతం అందుతూ ఉండాలి.

ఇప్పుడు డబ్బు సంగతి చెబుతాను, ఎందుకంటే మాకు శిక్షణలో ఎవరూ చెప్పని భాగం ఇదే. 2013 కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని చెప్పింది. దానివల్ల మన జిల్లాలకు కొత్త డబ్బు వచ్చిన మాట నిజం. కానీ 2021 నాటి నియమాల ప్రకారం, కొనసాగే ప్రాజెక్టు అయినా మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని మినహాయించి మూడేళ్లకు మించకూడదు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది, పెద్ద సంస్థ తనకు వచ్చిన విదేశీ నిధిని చిన్న సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా ఆపివేసింది. బ్లాకు కేంద్రంలో నలుగురైదుగురితో నడిచే చిన్న సంస్థలు ఎక్కువగా ఆధారపడింది అలా పైనుంచి వచ్చే డబ్బు మీదనే. ఈ నియమాల వెనుక ఉన్న ఉద్దేశాలు ఏవైనా, కింద పనిచేసేవాడి మీద వాటి ఫలితం ఒకటే. అతని ఉద్యోగం ప్రాజెక్టుతోపాటు పుట్టి ప్రాజెక్టుతోపాటు ముగుస్తుంది. మన ఇళ్లలో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు మేనమామలు "ఎన్జీవో అంటున్నారు, పర్మినెంటేనా?" అని అడిగితే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు, అది న్యాయమైన ప్రశ్న.

అందుకని ఉద్యోగంలో చేరేముందు కొన్ని విషయాలు అడిగి, కాగితం మీద చూసి తీరాలి. జీతంలో మూలవేతనం ఎంత, భత్యాలు ఎంత అన్నది మొదటిది. నేను పనిచేసిన ఒక సంస్థలో జీతంలో పెద్ద భాగాన్ని ప్రయాణ ఖర్చుల పద్దులో చూపేవారు, దానివల్ల భవిష్య నిధికి జమయ్యే మొత్తం బాగా తగ్గిపోయేది. ఇరవై మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థకు భవిష్య నిధి నిబంధనలు వర్తిస్తాయి. స్వచ్ఛంద సంస్థ కనుక మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే నమ్మనవసరం లేదు. గ్రాట్యుటీకి 1972 నాటి చట్టం ఐదేళ్ల నిరంతర సేవను షరతుగా పెట్టింది, 2025 నవంబరులో అమలైన సామాజిక భద్రతా స్మృతి నిర్ణీతకాల ఒప్పందం ఉన్నవారికి దాన్ని ఒక ఏడాదికి తగ్గించింది, కాబట్టి, పదకొండు నెలల ఒప్పందాలను మధ్యలో విరామాలు పెట్టి తిరగరాసే అలవాటున్న చోట మనం ఏమి కోల్పోతున్నామో తెలిసి ఉండాలి. దాతల డబ్బు ఆలస్యమైన నెలల్లో జీతం ఎక్కడి నుంచి ఇస్తారని, ద్విచక్ర వాహన ప్రమాదానికి బీమా ఉందా అని కూడా అడగండి. ఈ ఘాట్ రోడ్ల మీద, వానాకాలంలో, చీకటిపడ్డాక బండి నడిపేది మనమే. ఇవి అడిగినందుకు ముఖం చిట్లించే యాజమాన్యం, రేపు ఊరివారు లెక్కలు అడిగినప్పుడు కూడా అలాగే ముఖం చిట్లిస్తుంది.

ఆశా కార్యకర్తల స్థితి ఈ రంగం మనస్తత్వాన్ని బాగా చూపిస్తుంది. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైన ఈ వ్యవస్థలో పది లక్షలమంది వరకు మహిళలు పనిచేస్తున్నారు. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారిని ప్రపంచ స్థాయి పురస్కారంతో గౌరవించింది. అయినా అధికారికంగా వారు ఉద్యోగులు కారు, స్వచ్ఛంద సేవకులు. చేసిన పనినిబట్టి ప్రోత్సాహకాలే తప్ప జీతం అనే మాట వారికి వర్తించదు. కొండ దిగి, గెడ్డ దాటి, నొప్పులు పడుతున్న మనిషిని డోలీలో మోయించుకొని రోడ్డుకు తెచ్చే మహిళకు సేవ అనే పేరు పెట్టి జీతం తప్పించడం అన్యాయం. ఈ అన్యాయాన్ని ప్రశ్నించవలసిన స్వచ్ఛంద సంస్థలే తమ గ్రామస్థాయి కార్యకర్తలకు అదే పద్ధతిని పాటిస్తున్నప్పుడు నాకు మరింత కష్టంగా ఉంటుంది.

జీతం తరువాత చెప్పవలసింది మనం ఎవరమన్నది. కొండ ఊరిలోకి ఒక తెలుగు మనిషి అడుగుపెడితే, అతని కంటే ముందే అక్కడికి వెళ్లి ఉన్నవారి జ్ఞాపకం అతనితోపాటు అడుగుపెడుతుంది. చింతపండు, జీడిపిక్కలు, పసుపు సంతలో తూకం వేసి కొన్నవారిలో, కోతల ముందు అప్పిచ్చి పంట మీద హక్కు పెట్టుకున్నవారిలో మైదానం నుంచి వెళ్లిన మన తెలుగువారూ ఉన్నారు. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఒడిశా 1956లోనే నిబంధన చేసింది, 2002లో దాన్ని మరింత బిగించింది, అంటే ఆ అవసరం ఎంత తీవ్రంగా ఉండేదో ఊహించవచ్చు. ఈ చరిత్రకు నేను వ్యక్తిగతంగా బాధ్యుడిని కాదని చెప్పుకోవడంవల్ల ఊరివారికి ఏ ఉపయోగమూ లేదు. మన నడవడి వల్ల వారు మెల్లమెల్లగా తేల్చుకుంటారు. ఊరిలో ఎవరి దగ్గరా ఏమీ కొనకుండా, అమ్మకుండా, అప్పు ఇవ్వకుండా ఉండటం, మన బంధువుల వ్యాపారానికి దారి చూపకుండా ఉండటం నాకు నేను పెట్టుకున్న నియమాలు. బంధువుల్లో దీనివల్ల కొంత మాట పడవలసి వచ్చింది, పడ్డాను.

భాష విషయంలో రాజీ లేదు. మన సరిహద్దువాసులకు బజారులో తెలుగు, సర్కారు కచేరీలో ఒడియా చిన్నప్పటి నుంచే వస్తాయి కనుక, ఆ రెండింటితో నెట్టుకురావచ్చని అనిపిస్తుంది. సమావేశంలో ఒడియాకు జవాబిచ్చేది సంతకు, బ్లాకు కార్యాలయానికి తిరిగిన మగవాళ్లు. దిగువ ఊట సంగతి తెలిసిన పెద్దావిడ మాట్లాడేది సవర ఒక్కటే. ఆ భాష రానివాడు ఎన్నేళ్లున్నా ఊరిలో సగంమందితోనే ఉన్నట్టు. నేను చూసిన ఏ శిక్షణ కేంద్రమూ నేర్పదు, సాయంత్రాలు కూర్చొని నేర్చుకోవలసిందే, అందుకు పట్టే కాలాన్ని పని గంటలుగా లెక్కించమని సంస్థను అడగవలసిందే.

నివేదికల గురించి కొద్దిగా చెప్పి తీరాలి. మనసులో ఒకటి, కాగితం మీద ఒకటి రాస్తూ పోతే మనిషి ఎక్కువకాలం ఈ పనిలో ఉండలేడు. నేను చూసినంతలో ఈ రంగాన్ని వదిలి వెళ్లినవారిలో చాలామందిని కుంగదీసింది తక్కువ జీతం కంటే ఇదే. శిక్షణకు వచ్చి అన్నం తిని వెళ్లినవారందరూ లబ్ధిదారుల లెక్కలోకి ఎక్కుతారు, కుళాయి బిగించిన ప్రతి ఇంటికీ నీరు అందినట్టు అవుతుంది. మే నెలలో ఎండిపోయిన కుళాయి గురించి రాస్తే నిధి ఆగిపోతుందని పైవారు భయపడతారు. నా అనుభవంలో దాతల్లో ఎక్కువమంది, కారణంతో సహా రాసి, సరిదిద్దే మార్గాన్ని ఖర్చుతో సహా జోడించినప్పుడు వింటారు. విననివారు ఒకరిద్దరు ఉంటారు, వారి నిధి పోతే పోనివ్వడమే ఊరికి మేలు. చిన్న ఉద్యోగి చేతిలో ఇంత నిర్ణయం ఉండదన్నది నిజమే. కానీ తన ఊరి వేసవి కొలతలను, ఊరి సమావేశంలో ఎవరేమన్నారన్నదాన్ని తేదీతో సహా సొంత నోటుపుస్తకంలో రాసుకోవడం ఎవరూ ఆపలేరు. కొత్త మేనేజరు వచ్చినప్పుడు ఆ పుస్తకమే మన మాటకు బలం అవుతుంది.

చదువు గురించి అడిగేవారికి నా సలహా చిన్నది. ముందు ఒకటి రెండు సంవత్సరాలు ఊరిలో పనిచేసి, తరువాత చదవండి. ముంబయిలోని టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), ఆనంద్‌లోని ఇర్మా (గ్రామీణ నిర్వహణ సంస్థ), బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం మంచి చోట్లు. గడ్చిరోలిలో సెర్చ్ సంస్థ 2006 నుంచి నడుపుతున్న నిర్మాణ్ కార్యక్రమం యువతకు తమ దారిని వెతుక్కోవడంలో తోడ్పడుతుంది. అయితే వీటికంటే ముందు ఒక ప్రత్యేక విద్య చేతిలో ఉండటం మేలు. నీటి లెక్క కావచ్చు, పద్దుల లెక్క కావచ్చు, నర్సింగు కావచ్చు, అటవీ హక్కుల చట్టం కింద పత్రాలు తయారుచేయడం కావచ్చు. చోళ్లు, సామల వంటి చిరుధాన్యాల కోసం 2017లో రాయగడ, గజపతి, కొరాపుట్, మల్కనగిరి సహా ఏడు జిల్లాల్లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ పనిలో, విత్తనం గురించి, మర గురించి తెలిసినవారికి ఉన్న గౌరవం వట్టి జనసమీకరణ చేసేవారికి లేదు. ప్రాజెక్టు ముగిసినా మన చేతి విద్య మనతో ఉంటుంది, మరో సంస్థలో అదే కొండలో పని దొరుకుతుంది.

విశ్రాంతి తీసుకోమని కూడా చెబుతాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, మన కొండల మీద కుండపోతగా కురిసి, చరియలు విరిగిపడి, వంశధార పొంగినప్పుడు, మేమంతా ఇళ్లు మరచి పనిచేశాము. అలాంటి సమయాల్లో అలాగే చేయాలి. కానీ ఆ వేగాన్నే మామూలు రోజుల్లో కూడా కొనసాగించమని కోరే సంస్థలు ఉన్నాయి, అందుకు పొంగిపోయి ఒప్పుకునే యువకులు ఉన్నారు. దూరప్రాంతాల నుంచి వచ్చిన బృందాలు దుప్పట్లు, బియ్యం పంచి కొన్ని వారాలకు వెళ్లిపోయాయి, వారు చేసింది మంచి పనే. పోయిన జీడితోటలకు నష్టపరిహారం కాగితాలు, కూలిన ఇళ్ల జాబితాలో తప్పిపోయిన పేర్లు, కొట్టుకుపోయిన పైపులైన్లు తరువాత ఎంతోకాలం సాగాయి. అప్పటికే అలసి పడిపోయిన కార్యకర్తల వల్ల ఆ పని జరగలేదు, పండుగకు ఇంటికి వెళ్లి నిద్రపోయి తిరిగి వచ్చినవారి వల్ల జరిగింది.

చివరగా, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయం ఒకటి ఉంది. తెలుగువాళ్లం, ఒడియావాళ్లం సవర ఊళ్లలో సమన్వయకర్తలుగా, మేనేజర్లుగా స్థిరపడుతుంటే, సవర యువతీయువకులు ఎప్పటికీ గ్రామ కార్యకర్తలుగా, గౌరవ వేతనం మీద ఉండిపోతున్నారు. తమ భాషకు సొంత లిపిని తామే తయారుచేసుకున్న జనం వారు. మంగై గొమాంగో ఆ లిపిని రూపొందించింది 1936లో, సరిగ్గా పర్లాకిమిడి ఒడిశాలో కలిసిందని గిడుగు వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిన సంవత్సరంలో. అలాంటి సమాజంలో పనిచేస్తూ, నా ఉద్యోగం నిలవడానికి నేను పాటుపడినంతగా వారి ఉద్యోగాలు ఎదగడానికి పాటుపడకపోతే, ఇంతవరకు చెప్పిన జీతం, స్థిరత్వం మాటలన్నీ నాకొక్కరికే అడిగినట్టు అవుతాయి. ఇటీవల మా బృందంలో సమన్వయకర్త పోస్టు ఖాళీ అయినప్పుడు, ప్రకటనలో ఇంగ్లీషు రాయగలగాలన్న షరతును తీసివేసి, సవర ధారాళంగా మాట్లాడగలగాలన్న షరతును పెట్టమని పట్టుబట్టాము. చాలా చర్చ తరువాత ఒప్పుకున్నారు. పుట్టాసింగి వైపు ఊరి నుంచి ఒక అమ్మాయి చేరింది, పాత సమన్వయకర్తకు ఇచ్చిన జీతమే ఇస్తున్నారు, భవిష్య నిధి మొదటి నెల నుంచే ఉంది. ఆమె ఒడియాలో రాసిన నెలవారీ నివేదికను ఇంగ్లీషులోకి మార్చే పని ప్రస్తుతం నేను చేస్తున్నాను. వచ్చే బడ్జెట్‌లో ఆ అనువాదానికి వేరే పద్దు పెట్టాలని ప్రతిపాదన రాసి పంపాము.